మంచిదాన్ని ముట్టని మందు

1994 ఎండాకాలం. నల్లగొండలో ఒక మిషన్ ఆసుపత్రి పిల్లల వార్డుకు నేను ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. మాది తిరుమలగిరి పక్కన చిన్న ఊరు. కూలి చేసుకునే ఇంట్లోంచి నర్సు చదువుకు వెళ్లిన మొదటి ఆడపిల్లని నేనే. ఆ వార్డులో నేను ఎక్కువగా చూసింది వాంతులూ విరేచనాలూ, నిమోనియా, తేలు కాట్లు, కాలిన గాయాలు. రక్త క్యాన్సర్ అని అనుమానం వచ్చిన పిల్లలు మా దగ్గర నిలిచేవారు కాదు, వెంటనే హైదరాబాద్ పంపేసేవాళ్లం. సైదమ్మను కూడా అలాగే పంపాం. కానీ హైదరాబాద్ వాళ్లు ఆ పిల్లను మళ్లీ మా దగ్గరకే పంపారు.

సైదమ్మకు ఏడేళ్లు. కట్టంగూర్ దగ్గరి ఊరు. మోకాళ్లు నొప్పులని పిల్ల ఏడుస్తుంటే ఇంట్లో వాళ్లు చాలా రోజులు పట్టించుకోలేదు. వాళ్లను తప్పు పట్టలేం. మా జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన వాళ్లు, కాళ్లు వంకర తిరిగిన పిల్లలు ప్రతి ఊళ్లో ఉన్నారు. నీళ్ల రోగమే అనుకున్నారు. తర్వాత చిగుళ్లలోంచి రక్తం రావడం, ఒంటి మీద దెబ్బ తగలకుండానే నల్లటి మచ్చలు పడడం మొదలైంది. అప్పుడు మా దగ్గరకు తెచ్చారు. మా ల్యాబ్ టెక్నీషియన్ జహంగీర్ రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి, రంగు వేసి చూసి, వెంటనే మా పిల్లల డాక్టర్ వసుంధర గారిని పిలిచాడు.

హైదరాబాద్‌లో వైద్యం మొదలుపెట్టారు. అక్కడి వార్డులో ఒక్కో మంచానికి ఇద్దరేసి పిల్లలు ఉండేవారట. ఒకరి నుంచి ఒకరికి జ్వరాలు అంటుకుంటున్నాయి. ఈ పిల్లల రక్తానికి రోగాలతో కొట్లాడే బలం ఉండదు. మా వసుంధర గారు ఆ విభాగంలోనే శిక్షణ పొందారు కాబట్టి, మిగతా ఇంజెక్షన్లు నల్లగొండలోనే వేయమని చెప్పి పంపారు. అలా సైదమ్మ వాళ్ల బాపు యాదయ్యతో, అమ్మమ్మ ఈదమ్మతో తిరిగి వచ్చింది. పిల్లకు తల్లి లేదు. రెండేళ్ల కింద చనిపోయిందని మాత్రం చెప్పారు. యాదయ్య చేతిలో ఐసు వేసిన ఒక పెద్ద ఫ్లాస్కు, అందులో ప్లాస్టిక్ సంచిలో చుట్టిన మందు సీసాలు.

ఆ మందు పేరు ఎల్-ఆస్పరాజినేజ్. అదొక ప్రొటీన్. మన ఒంట్లో ప్రతి కణానికీ ఆస్పరాజిన్ అనే పదార్థం కావాలి. మామూలు కణాలు దాన్ని తమలోనే తయారు చేసుకుంటాయి. సైదమ్మకు వచ్చిన రకం క్యాన్సర్ కణాలకు చాలావరకు ఆ శక్తి ఉండదు, రక్తంలో దొరికిన దాన్ని తీసుకుని బతుకుతాయి. ఈ ప్రొటీన్ రక్తంలోకి వెళ్లి ఆస్పరాజిన్‌ను లేకుండా చేస్తుంది. తిండి అందని క్యాన్సర్ కణం తనంతట తానే చచ్చిపోతుంది. మామూలు కణం తన వంట తాను వండుకున్నట్టు బతికిపోతుంది. మొదటిసారి విన్నప్పుడు నాకూ నమ్మబుద్ధి కాలేదు. క్యాన్సర్ మందులంటే జుట్టు రాలగొట్టి, నోరు పూసేలా చేసి, మంచీ చెడ్డా చూడకుండా కొట్టేవనే నాకు తెలుసు.

వసుంధర గారిది గుంటూరు వైపు. మాట మెత్తన. మంచం పక్కన నిలబడి ఆవిడ చెప్పారు: "యాదయ్య గారూ, ఇది చాలా మంచి మందు. చెడ్డ కణాలనే చంపుతుంది, మంచి వాటిని ముట్టుకోదు. ఇవాళే మొదలుపెడదాం."

యాదయ్య ఒక్క క్షణం ఆవిడ ముఖంలోకి చూశాడు. "గా మాట మల్లొక్కసారి చెప్పుండ్రి మేడం."

ఆవిడ అదే మాట ఇంకా ఓపికగా చెప్పారు.

"వద్దు. మా పిల్లకు గీ సూది ఏయకుండ్రి."

"హైదరాబాద్‌ల రాసిండ్రు కదా అన్నా?" అన్నాను నేను.

"రాసిండ్రు. గాని గిట్ల చెప్పలే." అంతే. ఫ్లాస్కు తీసుకుని వరండాలోకి వెళ్లి కూర్చున్నాడు.

నేను వెనకాలే వెళ్లాను. ప్రొటీన్ మందులు వేడికి నిలవవు. మందు బయల్దేరిన చోటు నుంచి సూదిలోకి ఎక్కేదాకా చల్లగా ఉండాలి. దాన్నే కోల్డ్ చైన్ అంటాం. నల్లగొండ ఎండలో ఆ ఫ్లాస్కులోని ఐసు ఎంతసేపు ఉంటుంది? ఫ్రిజ్‌లో పెడతానంటే ఇవ్వలేదు.

"ఫ్రిజ్ మీది, తాళంచెవి మీది. లోపల్నించి ఏం తీసి ఏం ఏస్తరో నాకెట్ల ఎరుక?" అన్నాడు. కోపంగా కూడా కాదు, ధర అడిగినట్టు అడిగాడు.

పక్కనున్న ఆయాకు ఒళ్లు మండింది. "మేమేమన్న దొంగలమా?" అంది. ఆమెను లోపలికి పంపించాను. మా ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు టిఫిన్ డబ్బా ఖాళీ చేసి, కడిగి తుడిచి అతనికిచ్చాను. "సీసాలు దీంట్ల పెట్టు. బజారుకు వోయి చిన్న తాళం తెచ్చుకో. డబ్బా కొండికి నీ తాళం వేసుకో, చెవి నీ దగ్గరనే పెట్టుకో. ఫ్రిజ్ నాది, డబ్బా నీది" అన్నాను. చాలాసేపు ఆలోచించి, ఒప్పుకున్నాడు. టీకా మందుల పక్కన తాళం వేసిన టిఫిన్ డబ్బా చూసి మా మేట్రన్ గారు నన్ను పిలిపించి అడిగారు. ఆవిడకు కూడా నచ్చలేదు.

మందు చల్లగా ఉంది, కానీ పిల్ల ఒంట్లోకి వెళ్లలేదు. వార్డులో గుసగుసలు మొదలయ్యాయి. అతను పిల్లను ఎత్తుకుని వెళ్లిపోతాడేమోనని గేటు దగ్గర వాచ్‌మన్‌ను ఒక కన్నేసి ఉంచమన్నారు. ఈదమ్మ ఇంకో మాట నా చెవిలో వేసింది. "వానికి పిల్ల బతకాలని లేదు సిస్టరమ్మా. ఆడివిల్లనాయె. తల్లి లేకపాయె. గిది గూడ లేకుంటె మల్ల పెండ్లి జేసుకుంటడు." అలాంటి తండ్రులను నేను చూడలేదని కాదు. అందుకే ఆ మాటను తోసెయ్యలేకపోయాను. కానీ కళ్ల ముందు కనిపించేది వేరే. నోరు పూసిన పిల్లకు జొన్న గటక జావ ఊది ఊది చల్లార్చి, చెంచా అంచుతో పెదవులకు తగలకుండా పోసేవాడు. పోస్తూ పోస్తూ చెంచా ఆపి, పిల్ల ముఖంలోకే చూస్తూ ఉండిపోయేవాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు.

వసుంధర గారు నాతో అన్నారు: "బలవంతం చేయలేం సుగుణా. అలాగని ఆగనూ లేం. ఆయన దేనికి భయపడుతున్నాడో కనుక్కో."

మర్నాడు పొద్దున బోరింగు దగ్గర పిల్ల గౌన్లు ఉతుకుతూ కనిపించాడు. నేనూ అక్కడే గట్టు మీద కూర్చున్నాను. "అన్నా, డాక్టరమ్మ చెప్పిన ఏ మాటకు నీ పానం కలుక్కుమన్నది?" అని అడిగాను.

గౌను పిండడం ఆపలేదు. "మంచిదాన్ని ముట్టదన్నది గదా. గా మాటకు."

"ఎందుకు?"

"గదే మాట చెప్పి మా రాములమ్మను సంపిన్రు."

రాములమ్మ అతని భార్య. ఆమెకు రొమ్ములో గడ్డ వచ్చింది. హైదరాబాద్‌లో చూపిస్తే ఆపరేషన్ చేసి, ఆ తర్వాత కరెంటు పెట్టాలన్నారు. రేడియేషన్‌ను మా వైపు కరెంటు పెట్టడమనే అంటారు. భయపడి ఇంటికి వచ్చారు. అంతలో ఊళ్లోకి స్కూటర్ మీద ఒకాయన వచ్చాడు. తెల్ల బట్టలు, మెడలో గొట్టం, చేతిలో ఐసు డబ్బా. బొంబాయి నుంచి తెచ్చిన కొత్త ప్రొటీన్ సూది అన్నాడు. కోత లేదు, కరెంటు లేదు, జుట్టు రాలదు.

"గడ్డనే తింటది, మంచి మాంసాన్ని ముట్టదు అన్నడు సిస్టరమ్మా. నేను ఒక్కనాడే నమ్మలే. పత్తి మందు అమ్మెటోడు గూడ గట్లనే అంటడు. పురుగు సస్తది, చెట్టుకేం గాదు అంటడు. కొట్టి సూస్తె పురుగు ఆడనే ఉంటది, ఆకు మాడుతది. నాకెరుకే. గాని సూదులు పడ్డంక రాములమ్మ లేచి కూసున్నది. పొద్దుమాపు అన్నం తిన్నది. మొకం నిండింది. ఊరోల్లంత వచ్చి సూసి పోయిన్రు. ఇగ దవాఖానకెందుకన్నరు. నేను గూడ అన్న."

నేను గట్టు మీది నుంచి ముందుకు వంగాను. "మొకం గుండ్రంగ అయిందా అన్నా? బుగ్గలు ఉబ్బినట్టు? ఆకలి ఒక్కసారే ఎక్కువైందా?"

అతని చేతులు ఆగిపోయాయి. లేచి నిలబడ్డాడు. "నీకెట్ల ఎరుక?"

నేను నోరు తెరిచేలోపే ఇంకో మాట అన్నాడు. "వాడు నీకు తెలుసా? మీ దవాఖానోడేనా వాడు?"

ఉద్యోగంలో చాలా మాటలు పడ్డాను గానీ అలాంటి అనుమానం ఎవరూ నా మీద పెట్టలేదు. తడి గౌను చేతిలో పట్టుకుని, ఒక అడుగు వెనక్కి వేసి, నన్ను పై నుంచి కింద దాకా చూశాడు. అప్పుడు అసలు మాట బయటపెట్టాడు.

"మా పిల్ల మొకం సూసినవా? వచ్చిన కాడికెల్లి ఉబ్బుతున్నది. జావ సరిపోతలేదు, ఇంకా పెట్టమంటున్నది. మీరంత మంచిగైతున్నది అంటున్రు. వాల్లమ్మ గూడ గిట్లనే అయింది. గిట్లనే అయినంకనే గడ్డ పగిలింది."

చెంచా ఆపి అతను చూసిందేమిటో నాకప్పుడు తెలిసింది.

అక్కడ నాకు రెండు దారులున్నాయి. పిల్లకు ఇస్తున్నది వేరే మందని చెప్పి ఆ పూటకు గండం గడుపుకోవచ్చు. నిజం చెబితే అతను పిల్లను భుజాన వేసుకుని వెళ్లిపోవచ్చు. వాచ్‌మన్ ఆపినా ఆగే మనిషి కాదు. అయినా ఆ కళ్లలోకి చూస్తూ అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు.

"అన్నా, కూసో. వాడు నాకు తెల్వదు. గాని వాడు ఏసింది ఏందో నాకు అనుమానమున్నది. స్టెరాయిడ్ అని ఒక మందు. ఒంట్ల వాపు తగ్గిస్తది, ఆకలి పుట్టిస్తది, మొకం నింపుతది. చూసెటోల్లకు మనిషి బాగైనట్టే కనబడ్తది. రొమ్ముల గడ్డ మాత్రం ఆడనే ఉంటది. వాడు ఏసింది గదే అని నేను ఒట్టేసి చెప్పలేను, సీసా నేను చూడలే."

"మరి మా పిల్లకు?"

"మీ పిల్లకు గూడ గా జాతి మందే ఇస్తున్నం. గోలీలు."

నేను ఆగకుండా చెప్పాను. రొమ్ములో గడ్డను ఆ మందు కరిగించదని, సైదమ్మకు వచ్చిన రక్త క్యాన్సర్‌లో మాత్రం చెడ్డ కణాలను అది నిజంగానే చంపుతుందని, ముఖం ఉబ్బడం దానితో పాటు వచ్చేదేనని, గోలీలు ఆపాక తగ్గుతుందని. చివరికి అన్నాను: "వాడు మీకు మొకం చూపించి బాగైందన్నడు. మేము మొకం చూసి చెప్పం. రక్తం చూసి చెప్తం."

"ఎవరు సూస్తరు గా రక్తం?"

"నువ్వే చూడు రా" అని జహంగీర్ దగ్గరకు తీసుకువెళ్లాను.

జహంగీర్ మైక్రోస్కోపు కింద మొదటిరోజు పలక పెట్టాడు. ఒక కన్ను మూసి ఎలా చూడాలో యాదయ్యకు నేర్పడానికే కొంతసేపు పట్టింది. "నీలంగ పెద్దపెద్దయి కనబడుతున్నయా? గవే బ్లాస్ట్ సెల్స్. చెడ్డ కణాలు. ఎన్నున్నయి?"

"కుప్పలున్నయి."

తర్వాత ఆ వారంలో తీసిన పలక పెట్టాడు. యాదయ్య చూసి తల ఎత్తాడు. "తక్కువున్నయి. గాని గిది మా పిల్ల రక్తమే అని ఎట్ల నమ్మాలె భాయ్?"

జహంగీర్ ముఖం ఎర్రబడింది. నేను అతని వైపు చూసి కళ్లతోనే బతిమాలాను. అతను సూది, కొత్త పలకలు తీసుకుని వార్డులోకి నడిచాడు. తండ్రి చూస్తుండగా సైదమ్మ వేలు గుచ్చి, చుక్క పరిచి, ఆరబెట్టి, రంగు పోసి, కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టి, కుర్చీ ఖాళీ చేసి ఇచ్చాడు. యాదయ్య చాలాసేపు చూశాడు. "ఉన్నయి ఇంకా" అన్నాడు చివరికి.

"ఉన్నయి. గందుకే గా సూది కావాలంటున్నరు" అన్నాడు జహంగీర్.

నేను వసుంధర గారికి జరిగిందంతా చెప్పాను. ఆవిడ యాదయ్యను తన గదికి పిలిచి కూర్చోబెట్టారు.

"మంచి కణాలను ముట్టుకోదని చెప్పాను. అది పూర్తి మాట కాదు. జుట్టునూ నోటినీ అది మిగతా మందుల్లాగా పాడుచేయదు. కానీ లివర్ దెబ్బ తినొచ్చు. కడుపులో తిండి అరిగించే గ్రంథి వాచి నొప్పి రావచ్చు. చక్కెర పెరగొచ్చు. రక్తం ఎక్కడైనా గడ్డకట్టొచ్చు. ఈ మందు ఒక రకం సూక్ష్మజీవి నుంచి తీస్తారు. అందుకని ఒంటికి అది పరాయిదిగా తోచి ఒక్కసారిగా ఎదురు తిరగొచ్చు. దద్దుర్లు లేస్తాయి, గొంతు వాస్తుంది, ఊపిరి ఆడదు. చూసుకోకపోతే ప్రాణం పోతుంది. మొదటి సూదికే రావాలని లేదు, నాలుగైదు బాగా పడ్డాక కూడా రావచ్చు."

వింటుంటే నాకే భయమేసింది. ఇంత చెప్పాక ఏ తండ్రి ఒప్పుకుంటాడు?

యాదయ్య అడిగాడు: "గిదంత మొదలే ఎందుకు చెప్పలే మేడం?"

"మీరు భయపడతారని."

"ఏం గాదన్నరు, గందుకే భయపడ్డ నేను." తర్వాత, "ఎదురు తిరిగితె ఏం జేస్తరు?" అన్నాడు.

ఆవిడ నా వైపు చూశారు. నేను అతన్ని వార్డుకు తీసుకొచ్చి ప్రమాదం వస్తే వాడే మందుల ట్రేలో ఉన్నవన్నీ చూపించాను. ఊపిరి ఆగకుండా వేసే ఎడ్రినలిన్ సూది ఏమిటి, ఆక్సిజన్ సిలిండర్ ఎలా తెరుస్తాం, సూది వేశాక గంటసేపు పిల్ల పక్కనుంచి ఎందుకు కదలం, ఏ గుర్తులు కనిపిస్తే ప్రమాదం. గొంతులో గరగర, దురద, పెదవుల వాపు, ఉన్నట్టుండి దగ్గు. అతను ఒక్కో మాటా తిరిగి నాకే అప్పజెప్పాడు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీశాడు.

ముందు స్కిన్ టెస్ట్ చేశాం. మందును బాగా పల్చన చేసి చర్మం కింద ఒక్క బొట్టు వేసి, దద్దు లేస్తుందేమో చూడడం. లేవలేదు. అసలు సూది తొడకు వేశాం. ప్రతిసారీ యాదయ్యే వచ్చి డబ్బా తాళం తీసి సీసా నా చేతికిచ్చేవాడు. పొడి మందు కరగడానికి నేను నీళ్లు సీసా గోడ వెంబడి మెల్లగా జారవిడిచి, ఊపకుండా, అరచేతుల మధ్య నెమ్మదిగా తిప్పేదాన్ని. గట్టిగా ఊపితే నురగ వచ్చి ప్రొటీన్ పాడవుతుంది. ఒకసారి నా బదులు వచ్చిన నర్సు అలవాటు కొద్దీ సీసా ఊపబోతే అతను ఆమె చెయ్యి పట్టుకున్నంత పని చేశాడట. ఆమె నాతో గొడవపెట్టుకుంది. వార్డులో ఎవరికీ అతనంటే ఇష్టం లేకుండా పోయింది. నాక్కూడా కొన్ని రోజులు విసుగొచ్చేది. సీసాలో చివరి చుక్క దాకా ఎందుకు తీయలేదు, సూది మొన్నటి కన్నా సన్నగా ఎందుకుంది, ఇవాళ పిల్ల ఎందుకు ఎక్కువ నిద్రపోతోంది. అన్నింటికీ జవాబు కావాలి.

అలా సూదులు పడుతూ ఉండగా, ఒక రోజు పది గంటలప్పుడు, సూది వేసి నేను పక్క మంచం పిల్లాడికి సెలైన్ సరిచేస్తున్నాను. గంట ఇంకా కాలేదు. వెనక నుంచి యాదయ్య గొంతు. గట్టిగా కూడా లేదు. "సిస్టరమ్మా. సైదమ్మ గొంతు గోక్కుంటున్నది."

తిరిగి చూసేసరికి పిల్ల మెడ మీద ఎర్రటి దద్దుర్లు లేస్తున్నాయి. దగ్గింది. ఆ దగ్గు మామూలు దగ్గు కాదు, గొంతు సన్నబడినప్పుడు వచ్చే చప్పుడు. పెదవులు ఉబ్బుతున్నాయి. ఎడ్రినలిన్ అప్పటికే సిరంజిలో ఉంది. తొడలో వేశాను. ఆయా ఆక్సిజన్ మాస్కు పట్టుకుంది. డాక్టర్ గారు పరుగెత్తుకొచ్చారు. నాడి దొరకడం కష్టమైంది. రెండోసారి ఎడ్రినలిన్, నరంలో స్టెరాయిడ్, సెలైన్. పిల్ల కళ్లు తేలేస్తోంది.

ఈదమ్మ గుండెలు బాదుకుంటూ అరిచింది. "సంపిన్రు నా బిడ్డను. సూదేసి సంపిన్రు. తల్లిని గట్లనే సంపిన్రు, బిడ్డను గూడ సంపిన్రు." పక్క వార్డుల నుంచి జనం వచ్చి గుమ్మంలో మూగారు. వాళ్లలో కొందరు చొక్కా చేతులు పైకి మడుస్తున్నారు. వాచ్‌మన్ పక్కకు తప్పుకున్నాడు. ఆసుపత్రి మీద పడి కొట్టిన సంగతులు మా అందరికీ తెలుసు. ఒక మనిషి ఆ సమయంలో "అవును" అంటే చాలు.

యాదయ్య గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ముఖంలో నెత్తురు లేదు. "ఊకో అత్తమ్మా" అన్నాడు. "గిట్లయితదని చెప్పిన్రు. ముందే చెప్పిన్రు. జర వాల్లను పని జేసుకోనియ్యి." తర్వాత గుమ్మంలో వాళ్లతో, "మా పిల్ల. నేనున్న గదా ఈడ. గాలి రానియ్యుండ్రి, జరుగుండ్రి" అన్నాడు.

కొంతసేపటికి నాడి గట్టిపడింది. దద్దుర్లు చల్లారాయి. మధ్యాహ్నానికి సైదమ్మ కళ్లు తెరిచి, "బాపు, దూప" అంది. అతను డాక్టర్ గారి వైపు చూశాడు, ఆవిడ తల ఊపాక నీళ్ల గ్లాసు అందుకున్నాడు.

సాయంత్రం వసుంధర గారు అతనితో చెప్పారు: "ఇంక ఈ మందు వేయకూడదు. ఇదే పని చేసే ప్రొటీన్‌ను వేరే సూక్ష్మజీవి నుంచి కూడా తీస్తారు. మన దేశంలో సులువుగా దొరకదు. హైదరాబాద్ వాళ్లను అడుగుతాను."

"గా మందు ఎదురు తిరగదా?"

"తిరగొచ్చు. చెప్పలేను."

"అయితె సరే. తెప్పియ్యుండ్రి" అన్నాడు.

ఆవిడ వెళ్లాక అతను నా దగ్గరకు వచ్చాడు. నేల చూస్తూ అడిగాడు: "సిస్టరమ్మా. రాములమ్మను ఆపరేషన్‌కు తీస్కపోకుండ ఆపింది నేనే. నేనే సంపుకున్ననా?"

ఎప్పుడూ చెప్పే ఓదార్పు మాటలు నోటి దాకా వచ్చాయి గానీ, అవి చెబితే ఈ మనిషి నమ్మడని తెలుసు. "ఆపరేషన్ అయితె బతికేదని నేను చెప్పలేనన్నా. బతికేది కాదని గూడ చెప్పలేను. గడ్డ ఎంతదాక పోయిందో నాకు తెల్వదు. నిన్ను మోసం జేసిండు వాడు. గా పాపం వానిదే. గంతవరకు నాకు తెలుసు."

అతను తల ఊపాడు. ఒప్పుకున్నాడో లేదో నాకు తెలియదు. ఆ రోజు మొదటిసారి అతను ఏడవడం చూశాను.

రెండో రకం మందు ఆలస్యంగానే అయినా వచ్చింది. ఆ పిల్ల ఒళ్లు దానికి ఎదురు తిరగలేదు. ఎముక మూలుగు పరీక్షలో చెడ్డ కణాలు కనిపించలేదని హైదరాబాద్ నుంచి కబురొచ్చిన రోజు, జహంగీర్ తానే యాదయ్యను పిలిచి, తన పలక కూడా చూపించాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి గోలీలు, రక్త పరీక్షలు. మధ్యలో ఒకసారి నిమోనియా వచ్చి మళ్లీ భయపెట్టింది. ముఖంలో వాపు తగ్గింది, జుట్టు మొలిచింది. బడికి పోయింది.

ఆ స్కూటర్ మనిషి దొరకలేదు. డాక్టర్ గారు పోలీసు స్టేషన్‌లో చెప్పి వచ్చారు. మహబూబ్‌నగర్ వైపు వెళ్లాడని ఒకరన్నారు, చనిపోయాడని ఒకరన్నారు. ఒకసారి పరీక్షకు వచ్చినప్పుడు యాదయ్య నాకొక సంగతి చెప్పాడు. ఎడ్ల కోసం ఆత్మకూర్ అంగడికి పోతే అక్కడ ఇంకెవడో ఐసు డబ్బా పెట్టుకుని గడ్డలకు సూదులు వేస్తున్నాడట.

"నేను గుంపుల కూసున్న. వాడు చెప్పెదంత చెప్పనిచ్చిన. ఆఖరుకు లేచి అడిగిన. గీ సూదితోని నష్టమేమైతది డాక్టర్‌సాబ్, జర చెప్పు అన్న. ఏం గాదు అన్నడు. ఎదురు తిరిగితె ఏం జేస్తవు, నీ డబ్బల ఏమున్నది సూపియ్యి అన్న. వాడు నన్ను తిట్టిండు. నేను జనం దిక్కు తిరిగి, ఏం గాదనెటోని కాడ సూదేయించుకోకుండ్రి అన్న. కొందరు లేసి పోయిన్రు. కొందరు కూసున్నరు." ఆ కూర్చున్న వాళ్ల గురించి చెబుతున్నప్పుడు అతని గొంతు మారింది.

నేను మా వార్డుకు వచ్చే కొత్త నర్సులకు ఈ కేసు చెబుతూ వచ్చాను. సందేహపడే బంధువులు పని ఆపుతారని, వాళ్లను బయట కూర్చోబెట్టాలని మాకు అలవాటు. కానీ ఆ రోజు సైదమ్మ మెడ మీద చెయ్యి పోవడం ముందు చూసింది మమ్మల్ని నమ్మని కళ్లే. ఇంకో సంగతి నెమ్మదిగా అర్థమైంది. యాదయ్యకు మా మీద నమ్మకం కుదిరిందని నేను అనను. అతని అనుమానం ఎక్కడికీ పోలేదు. దాన్ని కడుపులో పెట్టుకుని వరండాలో కూర్చోకుండా మా ముందు పెట్టడం మొదలుపెట్టాడు, అంతే. మాకు కావలసింది కూడా అంతే.

1998లో మందులన్నీ ఆపేసి బాగానే గడిచాక, వసుంధర గారు పిల్లను పరీక్షించి, "ఇకమీదట ఏడాదికొకసారి చూపిస్తే చాలు" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. సైదమ్మ చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వెళ్లిపోయింది. యాదయ్య కదల్లేదు.

"ఎందుకు చాలు మేడం?" అన్నాడు.

ఆవిడ కలం పక్కన పెట్టి, అతన్ని కూర్చోమని చెప్పి, ఎందుకు చాలో వివరించారు. అది మళ్లీ రావడానికి ఎంత అవకాశం మిగిలి ఉందో కూడా దాచకుండా చెప్పారు. నేను ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ ఏ మంచం దగ్గరా "ఏం కాదు" అనే మాట వాడలేదు. ఏం కావచ్చో చెప్పి, అయితే మేం ఏం చేస్తామో చెప్పి, అప్పుడు సూది చేతిలోకి తీసుకునేదాన్ని.